మైగ్రేన్‌కి పనిచేసిన న్యూరోపెప్టైడ్ మందులు డిప్రెషన్‌కి ఎందుకు పనిచేయలేదు?

నాగావళి, విశాఖపట్నం

అందరికీ నమస్కారం. ఎం.ఫార్మసీలో ఫార్మకాలజీ చదువుతున్నాను. సెమినార్ కోసం న్యూరోపెప్టైడ్‌ల (నాడీకణాలు సందేశాలు పంపడానికి వాడే చిన్న అమైనో ఆమ్ల గొలుసులు) మీద చదువుతూ ఒకచోట ఆగిపోయాను.

సబ్‌స్టెన్స్ పి అనే పెప్టైడ్‌ని 1931లో ఫాన్ ఆయిలర్, గాడమ్ కలిసి గుర్రం మెదడు నుంచి, పేగుల నుంచి తీశారు. దాని రిసెప్టర్ (కణం మీద ఆ సందేశాన్ని అందుకునే చోటు) ఎన్‌కే1ని అడ్డుకుంటే డిప్రెషన్ తగ్గుతుందని 1998లో 'సైన్స్' పత్రికలో పేపర్ వచ్చింది. ఆ మందు అప్రెపిటెంట్. తర్వాత పెద్ద ట్రయల్స్‌లో అది నిలబడలేదు. కానీ 2003లో అదే మందు కీమోథెరపీ వాంతులకు అమెరికాలో అనుమతి పొందింది. ఇప్పుడు మన క్యాన్సర్ వార్డుల్లోనూ వాడుతున్నారు.

స్ట్రెస్ పెప్టైడ్ సీఆర్‌ఎఫ్‌దీ అదే కథ. డిప్రెషన్, యాంగ్జైటీ, పీటీఎస్‌డీ (పెద్ద ఆఘాతం తర్వాత మిగిలే మానసిక సమస్య), అన్నింటిలో దాని బ్లాకర్లు ప్రయత్నించారు, ఏదీ మార్కెట్‌కి రాలేదు. మరోవైపు సీజీఆర్‌పీ అనే పెప్టైడ్‌ని అడ్డుకునే మందులు మైగ్రేన్‌లో బాగా పనిచేస్తున్నాయి. మెలకువని నిలబెట్టే ఓరెక్సిన్ అనే పెప్టైడ్‌ని అడ్డుకునేవి నిద్రలేమికి వచ్చాయి.

అన్నింటి వెనకా ఉన్నది ఒకే ఆలోచన. ఒక పెప్టైడ్ ఎక్కువైంది, దాన్ని ఆపితే రోగం తగ్గుతుంది. ఒకచోట ఫలించి ఇంకోచోట ఎందుకు ఫలించలేదో తెలిసినవాళ్లు చెప్తారా?

తంగేడు, వరంగల్

మంచి ప్రశ్న. నేను సైకియాట్రిస్ట్‌ని. ఈ మందులు వస్తాయని మా చదువు రోజుల్లో ఎంతో ఎదురుచూశాం. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఈ పెప్టైడ్‌లు సెరోటోనిన్, డోపమిన్ లాంటివి కావని గుర్తుపెట్టుకోవాలి. సెరోటోనిన్ నాడీకణం కొసలోనే తయారవుతుంది, వాడేశాక కణం దాన్ని మళ్లీ లోపలికి లాక్కుంటుంది. మనం రోజూ రాసే డిప్రెషన్ మాత్రల్లో చాలావరకు ఆ లాక్కోవడాన్నే ఆపుతాయి. పెప్టైడ్‌కి ఆ సదుపాయం లేదు. అది కణం మధ్యభాగంలో ఒక పెద్ద ప్రొటీన్‌గా పుట్టి, ముక్కలై, సంచుల్లో సర్దుకుని, పొడవాటి తీగ గుండా కొసకి చేరుతుంది. ఒకే ప్రొటీన్‌ని ఒక కణం ఒకలా కోస్తుంది, ఇంకో కణం ఇంకోలా కోస్తుంది. పీఓఎంసీ అనే ఒక్క ప్రొటీన్ నుంచే ఏసీటీహెచ్ (అడ్రినల్ గ్రంథిని నడిపే హార్మోన్), బీటా-ఎండార్ఫిన్, ఎంఎస్‌హెచ్ అనే వేర్వేరు పెప్టైడ్‌లు వస్తాయి. విడుదలైన పెప్టైడ్‌ని ఎంజైములు ముక్కలు చేసేస్తాయి. కొత్తది కావాలంటే మొదటి నుంచి తయారవ్వాలి.

రెండో తేడా ఇంకా ముఖ్యం. నాడీకణం మామూలుగా పనిచేస్తున్నప్పుడు గ్లుటమేట్, గాబా లాంటి మామూలు సందేశ రసాయనాలు వస్తూనే ఉంటాయి. పెప్టైడ్ సంచులు తెరుచుకోవాలంటే ఆ కణం బాగా వేగంగా, కొంతసేపు ఆగకుండా మోగాలి. అప్పుడు బయటికొచ్చిన పెప్టైడ్ పక్క కణంతో ఆగదు, దూరం దూరం పాకుతుంది. ఊళ్లో ఇద్దరు అరుగు మీద మాట్లాడుకోవడం గ్లుటమేట్ అయితే, దండోరా వేయించడం పెప్టైడ్. ప్రతిరోజూ దండోరా వేయరు.

నీ ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది. దండోరా మోగని ఇంట్లో చెవుల్లో దూది పెట్టుకుంటే తేడా ఏం తెలుస్తుంది? రిసెప్టర్‌ని అడ్డుకునే మందు పనిచేయాలంటే, ఆ సమయంలో, ఆ రోగి మెదడులో, ఆ పెప్టైడ్ నిజంగా ఎక్కువగా విడుదలవుతూ ఉండాలి. డిప్రెషన్ అని పేరు పెట్టిన ప్రతి మనిషిలోనూ సబ్‌స్టెన్స్ పి పొంగుతోందని ఎవరూ చూపించలేదు.

మల్లెపందిరి, గుంటూరు

డాక్టర్ గారూ, నేను టీచర్‌ని, మైగ్రేన్ పేషెంట్‌ని. పైన నాగావళి గారు రాసిన సీజీఆర్‌పీ మందే నాకు న్యూరాలజిస్ట్ నెలకో ఇంజక్షన్‌గా రాశారు. చాలా ఖరీదు, నాకు మాత్రం పనిచేసింది. మునుపు తలనొప్పి మొదలైతే చీకటి గదిలో పడుకుని వాంతులు చేసుకుంటూ, స్కూల్‌కి సెలవు పెట్టాల్సి వచ్చేది. ఇప్పుడు నెలలో ఎప్పుడో వస్తోంది, మాత్రతో తగ్గుతోంది. ఇది మెదడు మీద పనిచేసే మందా? మానసిక రోగాల మందు లాంటిదా? ఇంట్లో పెద్దవాళ్లకు అదే భయం.

గోదారిగట్టు, జర్మనీ

మల్లెపందిరి గారూ, మీ ఇంట్లోవాళ్లకి ధైర్యంగా చెప్పండి. ఆ ఇంజక్షన్ యాంటీబాడీ, అంటే చాలా పెద్ద అణువు. రక్తం నుంచి మెదడులోకి దాదాపుగా వెళ్లలేదు. అది పనిచేసేది తల లోపలి పొరల రక్తనాళాల దగ్గర, ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నాడి గడ్డ దగ్గర. ఇవి మెదడుకి కాపలా ఉన్న గోడకి బయటివైపే ఉంటాయి. అలవాటు పడే మందు కాదు, మత్తు ఇచ్చేదీ కాదు. మలబద్ధకం రావొచ్చు, బీపీ అప్పుడప్పుడు చూపించుకోండి. మిగతాది మీ డాక్టర్ చెప్తారు.

నాగావళి, నేను ల్యాబ్‌లో పెప్టైడ్ రిసెప్టర్ల మీదే పనిచేస్తున్నాను. తంగేడు గారు చెప్పినదానికి మైగ్రేన్ కథే మంచి సాక్ష్యం. సీజీఆర్‌పీ 37 అమైనో ఆమ్లాల గొలుసు, 1980ల మొదట్లో బయటపడింది. 1990లో గోడ్స్‌బీ, ఎడ్విన్సన్ మైగ్రేన్ దాడి నడుస్తుండగా రోగుల మెడ సిర నుంచి రక్తం తీసి కొలిచారు. సీజీఆర్‌పీ పెరిగి ఉంది. అదే రక్తంలో సబ్‌స్టెన్స్ పి పెరగలేదు. సుమాట్రిప్టాన్ అనే మైగ్రేన్ మందు ఇస్తే తలనొప్పితోపాటు సీజీఆర్‌పీ కూడా దిగింది. తర్వాత డెన్మార్క్‌లో మైగ్రేన్ ఉన్నవాళ్లకి సీజీఆర్‌పీ ఎక్కిస్తే చాలామందికి మైగ్రేన్ లాంటి తలనొప్పి వచ్చింది. 2004లో దాని బ్లాకర్‌ని సిర ద్వారా ఇస్తే దాడి తగ్గింది.

దాడిలో పెరుగుతుంది, ఎక్కిస్తే దాడి వస్తుంది, ఆపితే దాడి ఆగుతుంది. ఈ మూడూ మనుషుల్లోనే, ఆ రోగం ఉన్నవాళ్లలోనే చూపించారు. అయినా మందు రావడానికి 2018 దాకా పట్టింది. మధ్యలో ఒక మాత్ర కాలేయం ఎంజైములు పెంచుతోందని ఆపేశారు. 2021లో మెదడు పరిశోధనకి ఇచ్చే బ్రెయిన్ ప్రైజ్‌ని ఈ పని చేసిన నలుగురికి ఇచ్చారు.

సబ్‌స్టెన్స్ పి బ్లాకర్లని మైగ్రేన్‌లో కూడా ప్రయత్నించారు, పనిచేయలేదు. రోగి రక్తమే ముందుగా ఆ సంగతి చెప్పింది కదా!

నాగావళి

చాలా థ్యాంక్స్. అయితే ఒక అనుమానం. అప్రెపిటెంట్ డిప్రెషన్‌లో విఫలమైంది మెదడులోకి సరిగ్గా చేరకపోవడం వల్ల కావచ్చు కదా?

గోదారిగట్టు

కాదు. అదే ఆ ట్రయల్స్‌లో గొప్పతనం. మెదడులో మందు ఎక్కడ అతుక్కుందో చూపించే పెట్ స్కాన్‌తో చూశారు. ఇచ్చిన డోసులో మెదడులోని ఎన్‌కే1 రిసెప్టర్లు దాదాపు అన్నీ మందుతో నిండిపోయాయి. అయినా ఐదు మూడోదశ ట్రయల్స్‌లో ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) కంటే మెరుగు కనబడలేదు. 2006లో ప్రచురించారు. విఫలమైన ట్రయల్ అంటే చాలామంది పనికిరాని పని అనుకుంటారు. నేనైతే మా జూనియర్లకి ముందు ఆ పేపరే ఇస్తాను. ప్రశ్నని సరిగ్గా అడిగి, స్పష్టంగా 'కాదు' అని తెచ్చుకున్నారు. అలాంటి 'కాదు' లేకపోతే ఆ దారిలో ఇంకా ఎంతమంది రోగులతో ట్రయల్స్ చేసేవాళ్లమో.

నాగావళి

సీఆర్‌ఎఫ్ సంగతి మాత్రం మీ లెక్కకి అందట్లేదు. 1981లో వైలీ వేల్ గొర్రెల మెదడులోని హైపోథాలమస్ అనే భాగం నుంచి తీశారు, 41 అమైనో ఆమ్లాలు. 1984లోనే డిప్రెషన్ రోగుల వెన్ను నీటిలో అది ఎక్కువగా ఉందని నెమరాఫ్ బృందం చూపించింది. అంటే రోగుల్లో సాక్ష్యం ఉంది. అయినా బ్లాకర్లు ఎందుకు పనిచేయలేదు?

ఇంకోటి. కోలిసిస్టోకైనిన్ (సీసీకే) అనే పెప్టైడ్‌లోని నాలుగు అమైనో ఆమ్లాల ముక్క, సీసీకే-4, సిరలోకి ఇస్తే నిమిషంలోపే పానిక్ అటాక్ వస్తుంది. పానిక్ రోగుల్లో ఇంకా ఎక్కువ. 'ఎక్కిస్తే దాడి వస్తుంది' అన్న పరీక్ష అది పాసైంది. దాని బ్లాకర్లు పానిక్‌కి మందు కాలేదు.

తంగేడు

శభాష్, సరైన చోట పట్టుకున్నావు.

సీఆర్‌ఎఫ్ ఎక్కువగా ఉందన్నది సగటు లెక్క. డిప్రెషన్ ఉన్నవాళ్ల గుంపు సగటు, లేనివాళ్ల గుంపు సగటు కంటే ఎక్కువ. మనిషి మనిషిని చూస్తే రెండు గుంపులూ బాగా కలిసిపోతాయి. నా ఓపీలో ఒకే రోజు డిప్రెషన్ అని రాసే ముగ్గుర్ని చూడండి. ఒకామె ప్రసవం తర్వాత నిద్ర లేక, ఏడుపు ఆపుకోలేక వచ్చింది. ఒక రైతు అప్పుల టెన్షన్‌తో బరువు తగ్గి, తెల్లారుజామున లేచి కూర్చుంటున్నాడు. ఒక కుర్రాడు రోజంతా పడుకుని, ఎక్కువ తిని, ఎవరితోనూ మాట్లాడటం లేదు. పేరు ఒకటే. ముగ్గురి మెదడులోనూ సీఆర్‌ఎఫ్ ఒకేలా ఉంటుందని నేను నమ్మను. ట్రయల్స్‌లో ఇలాంటి ముగ్గుర్నీ కలిపి చేర్చారు. ఎవరి వెన్ను నీరూ కొలిచి ఎంచుకోలేదు.

పైగా సీఆర్‌ఎఫ్ రోగం మొదలవడంలో పనిచేసి, తర్వాత దాని అవసరం లేకుండానే రోగం కొనసాగుతూ ఉండొచ్చు. అప్పుడు ఎంత అడ్డుకున్నా లాభం ఉండదు. ఇది నా అభిప్రాయం, రుజువైన విషయం కాదు.

కానీ చూడు, అదే సీఆర్‌ఎఫ్ బ్లాకర్ల కుటుంబంలోంచి క్రినెసెర్‌ఫాంట్ అనే మందుకి 2024 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. మానసిక రోగానికి కాదు, పుట్టుకతో వచ్చే ఒక అడ్రినల్ గ్రంథి లోపానికి. అక్కడ లెక్క సూటిగా ఉంది. కార్టిసాల్ తయారవ్వదు, అందుకని పైనుంచి సీఆర్‌ఎఫ్, ఏసీటీహెచ్ పోటెత్తుతాయి, వాటివల్ల మగ హార్మోన్లు పెరుగుతాయి. ఏసీటీహెచ్‌ని రక్తంలో కొలవొచ్చు, మందు ఇచ్చాక దిగిందో లేదో చూడొచ్చు. మందులో లోపం లేదు. మనం దాన్ని ఏ రోగానికి వాడబోయామన్న దగ్గరే లోపం.

గోదారిగట్టు

సీసీకే గురించి ఒక మాట. ఆ రోజుల్లో వాడిన బ్లాకర్లు శరీరంలోకి సరిగా ఎక్కేవి కావు, మెదడులోకి తక్కువగా చేరేవి అన్న విమర్శ ఉంది. అంటే అక్కడ అప్రెపిటెంట్‌లా స్పష్టమైన 'కాదు' రాలేదు. ఇంకా తేలని కేసు కింద రాసుకో. అయినా బయటినుంచి ఎక్కిస్తే పానిక్ వచ్చినంత మాత్రాన, మామూలుగా వచ్చే పానిక్ దాని వల్లే వస్తోందని అనలేం.

నిద్రగన్నేరు, హైదరాబాద్

చాలా రోజులుగా ఈ వేదికలో చదవడమే తప్ప రాయలేదు. ఓరెక్సిన్ పేరు చూసి రాస్తున్నాను. నాకు నార్కోలెప్సీ ఉంది.

ఇంటర్‌లో మొదలైంది. క్లాసులో, బస్సులో, తింటూ తింటూ నిద్రపోయేదాన్ని. గట్టిగా నవ్వితే మోకాళ్లు సడలి కూలబడేదాన్ని, స్పృహ మాత్రం ఉండేది. నిద్ర పట్టబోయే ముందు గదిలో ఎవరో నిలబడ్డట్టు కనబడేది, కదల్లేకపోయేదాన్ని. ఇంట్లో గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. ఒక ఆసుపత్రిలో ఆ మనిషి ఆకారం సంగతి విని స్కిజోఫ్రీనియా అనుకుని మందులు రాశారు. వాటితో మరింత మగతగా ఉండేది. ఉద్యోగంలో చేరాక ఒక నిద్ర నిపుణురాలు రాత్రి స్లీప్ స్టడీ, మర్నాడు పగటి పరీక్ష చేయించి పేరు చెప్పారు. ఆ రోజు ఏడ్చాను. నేను బద్ధకస్తురాలిని కాదని ఒక డాక్టర్ నోటి నుంచి వినడం అదే మొదటిసారి.

మెదడులో ఓరెక్సిన్ కణాలు చనిపోవడం వల్ల ఇది వస్తుందని ఆమే చెప్పారు. ఇది ఎలా కనిపెట్టారో ఎవరైనా రాస్తే చదవాలని ఉంది.

గోదారిగట్టు

చెల్లీ, నువ్వు రాసినందుకు సంతోషం. ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఇదే.

1998లో రెండు బృందాలు విడివిడిగా ఒకే పెప్టైడ్‌ని కనుక్కున్నాయి. ఒకరు ఓరెక్సిన్ అన్నారు, ఒకరు హైపోక్రెటిన్ అన్నారు. మొదట ఆకలికి సంబంధించింది అనుకున్నారు. మరుసటి ఏడాదే స్టాన్‌ఫర్డ్‌లో మినో బృందం నార్కోలెప్సీ ఉన్న డాబర్‌మన్ కుక్కల్ని పరిశీలించి, వాటికి ఓరెక్సిన్-2 రిసెప్టర్ జన్యువు చెడిపోయిందని చూపించింది. అదే ఏడాది యానగిసావా బృందం ఓరెక్సిన్ లేని ఎలుకలు నీలాగే ఉన్నట్టుండి కూలబడుతున్నాయని చూసింది. 2000లో మనుషుల్లో చూశారు. తొమ్మిది మంది రోగుల వెన్ను నీరు పరీక్షిస్తే ఏడుగురిలో ఓరెక్సిన్ కొలవడానికి కూడా దొరకలేదు. చనిపోయిన రోగుల మెదళ్లలో ఆ కణాలు 85 నుంచి 95 శాతం దాకా పోయాయి. పెప్టైడ్ దొరికిన రెండేళ్లకే ఒక మనిషి రోగానికి కారణం తెలిసింది. మెదడు రోగాల్లో ఇంత వేగం అరుదు.

కణాలు ఎందుకు పోతాయంటే, శరీరంలోని రక్షణ వ్యవస్థే వాటిని చంపుతోందని ఎక్కువమంది నమ్మకం. నవ్వినప్పుడు కూలబడే రకం నార్కోలెప్సీ ఉన్నవాళ్లలో అత్యధికులకి రక్షణ వ్యవస్థకి చెందిన ఒకే హెచ్‌ఎల్‌ఏ జన్యు రకం ఉంటుంది.

దీన్నే తిరగేస్తే, మెలకువని నిలబెట్టే పెప్టైడ్‌ని అడ్డుకుంటే నిద్ర రావాలి. అలా సువోరెక్సాంట్ 2014లో, లెంబోరెక్సాంట్ 2019లో, డారిడోరెక్సాంట్ 2022లో వచ్చాయి. నువ్వు మాత్రం వీటి జోలికి వెళ్లకూడదు. నార్కోలెప్సీ ఉన్నవాళ్లకి ఇవి ఇవ్వరు.

తంగేడు

నిద్రగన్నేరు గారి పోస్టు మా జూనియర్ డాక్టర్లకి చూపిస్తాను, పేరు లేదు కాబట్టి అభ్యంతరం ఉండదనుకుంటాను. నిద్రలోకి జారేటప్పుడు, నిద్ర లేచేటప్పుడు మాత్రమే ఆకారాలు కనబడితే, నవ్వితే కూలబడితే, స్కిజోఫ్రీనియా అని రాసే ముందు నిద్ర గురించి అడగాలి. రెండు ప్రశ్నలు చాలు.

పాలపిట్ట, కరీంనగర్

నమస్తే. మా బాబుకి ఆటిజం, ఆరేళ్లు. మా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఆక్సిటోసిన్ ముక్కు స్ప్రే తెప్పించి ఇస్తున్నారు. కళ్లలోకి చూస్తారని, పిలిస్తే పలుకుతారని చెప్తున్నారు. అది కూడా న్యూరోపెప్టైడే కదా? ఇంటర్నెట్‌లో 'ప్రేమ హార్మోన్' అని రాస్తున్నారు. ఇవ్వొచ్చా? ఏ చిన్న ఆశ కనబడినా వదలబుద్ధి కావట్లేదు.

తంగేడు

పాలపిట్ట గారూ, మీ బాధ అర్థమవుతోంది. ఇవ్వకండి. కారణం చెప్తాను.

ఆక్సిటోసిన్ తొమ్మిది అమైనో ఆమ్లాల పెప్టైడ్. గర్భాశయాన్ని ముడుచుకునేలా చేస్తుందని 1906లోనే డేల్ చూశారు. దాన్ని ప్రయోగశాలలో తయారు చేసినందుకు డు విన్యోకి 1955లో నోబెల్ వచ్చింది. ప్రెయిరీ వోల్ అనే ఎలుక జాతిలో జంట బంధానికి అది ముఖ్యమని తర్వాత తేలింది. 2005లో స్విట్జర్లాండ్‌లో ముక్కులో ఆక్సిటోసిన్ కొడితే మనుషులు కొత్తవాళ్లని ఎక్కువ నమ్ముతారని ఒక పేపర్ వచ్చి ప్రపంచమంతా పాకింది. ఆ ప్రయోగాన్ని తిరిగి పెద్దగా చేసినప్పుడు ఆ ఫలితం నిలబడలేదు.

ఆటిజం విషయంలో మీకు కావలసిన జవాబు 2021లో వచ్చింది. అమెరికాలో 3 నుంచి 17 ఏళ్ల పిల్లలు 290 మందిని చేర్చుకున్నారు. సగం మందికి ఆక్సిటోసిన్ స్ప్రే, సగం మందికి మందు లేని స్ప్రే, 24 వారాలు రోజూ ఇచ్చారు. ఎవరికి ఏది అన్నది తల్లిదండ్రులకీ డాక్టర్లకీ తెలియదు. నలుగురిలో కలవకపోవడాన్ని కొలిచే స్కోరు ఆక్సిటోసిన్ పిల్లల్లో 3.7 తగ్గింది. మందు లేని స్ప్రే పిల్లల్లో 3.5 తగ్గింది. అంటే తేడా లేదు.

వింజమూరి అమ్మ, నెల్లూరు

నేను ఒప్పుకోను డాక్టర్ గారూ. మా పాపకి మూడు నెలలు ఇదే స్ప్రే వాడాం. వాడాక అమ్మా అని పిలిచింది. నేను కళ్లారా చూశాను. మీ లెక్కలు మా పాపని చూసి వేసినవి కావు.

తంగేడు

అమ్మా, పాప మిమ్మల్ని పిలిచిందన్నది నూటికి నూరుపాళ్లు నిజం, ఎవరూ కాదనడం లేదు. ఆ ట్రయల్‌లో మందు లేని స్ప్రే వాడిన తల్లులు కూడా పిల్లల్లో మార్పు చూశారు. ఆ మార్పులు కూడా నిజమే. పిల్లలు ఎదుగుతారు. స్పీచ్ థెరపీ జరుగుతూ ఉంటుంది. ఒక కొత్త ప్రయత్నం మొదలుపెట్టినప్పుడు మనం కూడా పిల్లతో ఎక్కువసేపు కూర్చుంటాం, ఎక్కువ మాట్లాడతాం. పాప నోట అమ్మ అన్న మాట రావడంలో మీ పాత్రే ఎక్కువని నా నమ్మకం. ఆ ఘనత స్ప్రేకి ఇవ్వకండి.

వింజమూరి అమ్మ

మీరు మర్యాదగా చెప్పారు కాబట్టి చదివాను. మా స్పీచ్ థెరపిస్ట్ కూడా కాస్త ఇలాగే అన్నారు. ఆలోచిస్తాను. ఇప్పటికైతే మీతో ఏకీభవించానని అనను.

రేనాటి వెటర్నరీ, కడప

నేను పశువైద్యుడిని. ఆక్సిటోసిన్ అంటే మన పల్లెల్లో పాలు చేపడానికి గేదెలకి పొడిచే ఇంజక్షనే. ఈ దుర్వినియోగం ఆపాలనే 2018 ఏప్రిల్‌లో కేంద్రం ప్రైవేటు కంపెనీలు దీన్ని తయారు చేయకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ప్రసవంలో రక్తస్రావం ఆపే ప్రాణాధార మందు కొరత పడుతుందని కోర్టుకి వెళ్తే, డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది.

పాలపిట్ట గారికి నేను చెప్పేది వేరు. ఈ మందుని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. మన ఎండల్లో కొరియర్‌లో, ఎవరో చేతులు మారి వచ్చిన సీసాలో మందు మిగిలి ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. అసలు లోపల ఏముందో కూడా తెలియదు. చూలు పశువుకే నేను అలాంటి సీసా వాడను.

పాలపిట్ట

అర్థమైంది. గ్రూపులో వద్దని చెప్పాను. మరి ఏం చేయాలి?

తంగేడు

జిల్లా ఆసుపత్రిలో పిల్లల కోసం డీఈఐసీ అనే ముందస్తు చికిత్స కేంద్రం ఉంటుంది, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద. అక్కడ స్పీచ్, ఆక్యుపేషనల్ థెరపీ, వినికిడి పరీక్ష గురించి అడగండి. ఇంట్లో రోజూ ఆడిస్తూ చేసే పని థెరపిస్ట్ నేర్పిస్తారు, అదే ఎక్కువ ఫలితం ఇస్తుంది. ఆటిజంలో మందులంటే రిస్పెరిడాన్, అరిపిప్రజోల్. అవి కూడా విపరీతమైన కోపం, తనని తాను కొట్టుకోవడం లాంటివాటికే. మాటలు తెప్పించే మందు ఇప్పటికి లేదు. వాసోప్రెసిన్ అనే పెప్టైడ్ రిసెప్టర్‌ని అడ్డుకునే బాలోవాప్టాన్‌ని కూడా ఆటిజంలో పరీక్షించారు, అదీ నిలబడలేదు.

వేదిక నిర్వాహకులు

ఇక్కడ మందుల డోసులు అడగవద్దు, చెప్పవద్దు. మందులు అమ్మే నంబర్లు పెట్టిన రెండు పోస్టులు తొలగించాం. మానసిక సమస్యలకి టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

కొండవీడు, నరసరావుపేట

చదువుతుంటే సైకియాట్రీలో పెప్టైడ్ అన్నదేదీ పనిచేయలేదని అనిపిస్తోంది. ఒక్కటి కూడా లేదా?

తంగేడు

ఉంది, నేను వారంలో ఎన్నోసార్లు రాస్తాను. 1975లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో హ్యూస్, కాస్టర్లిట్జ్ పంది మెదడు నుంచి ఎన్‌కెఫలిన్‌లు తీశారు. ఐదు అమైనో ఆమ్లాల పెప్టైడ్‌లు, శరీరం సొంతంగా చేసుకునే మార్ఫిన్ లాంటివి. మద్యం తాగితే మెదడులో ఇవీ, ఎండార్ఫిన్‌లూ విడుదలై ఆ హాయి ఇస్తాయి. వాటి రిసెప్టర్‌ని నాల్ట్రెక్సోన్ అడ్డుకుంటుంది. మద్యం వ్యసనానికి 1994లో అమెరికాలో అనుమతి వచ్చింది, మన దగ్గరా దొరుకుతుంది.

ఇక్కడ కూడా దండోరా సూత్రమే పనిచేసింది. తాగినప్పుడు పెప్టైడ్ నిజంగా విడుదలవుతుంది కాబట్టి అడ్డుకోవడానికి అక్కడ ఏదో ఉంది.

అద్భుతం అని చెప్పను. సుమారు 12 మందికి ఇస్తే, మందు లేకపోతే మళ్లీ విపరీతంగా తాగుడులో పడేవాళ్లలో ఒకరు అదనంగా ఆగుతారు. ఆ ఒకరి ఇంట్లో మార్పు చూసినవాడిని, నాకు అది చిన్న విషయం కాదు. నల్లమందు జాతి మందులు వాడుతున్నవాళ్లకి ఇవ్వకూడదు, కాలేయం చూసుకోవాలి. తెలియకుండా అన్నంలో కలిపి పెట్టే ఆలోచన అసలు వద్దు. మనిషికి చెప్పి, ఒప్పించి ఇవ్వాల్సిన మందు ఇది.

కొండవీడు

మా అన్నయ్య గురించే అడిగాను డాక్టర్ గారూ. మీరు చివర రాసిన మాట మా ఇంట్లో చదివి వినిపిస్తాను. ఈ మధ్య షుగర్, బరువు ఇంజక్షన్లతో కూడా తాగుడు తగ్గుతుందంటున్నారు, నిజమేనా?

గోదారిగట్టు

సెమాగ్లుటైడ్ గురించి అయి ఉంటుంది. అది జీఎల్‌పీ-1 అనే పెప్టైడ్‌లా పనిచేసే మందు. జీఎల్‌పీ-1 పేగుల్లోనే కాదు, మెదడు కాండంలోని కొన్ని కణాల్లోనూ తయారవుతుంది, అక్కడ అది న్యూరోపెప్టైడే. మద్యం విషయంలో చిన్న ట్రయల్‌లో తాగడం కొంత తగ్గినట్టు కనబడింది. ఇంకా పెద్దవి పూర్తవ్వాలి. తాగుడు కోసమని ఇప్పుడే కొనకండి. ఇదే కుటుంబం మందులు పార్కిన్సన్స్‌లో ఒకటి చిన్న ట్రయల్‌లో పనిచేసినట్టు కనబడింది, ఇంకొకటి పెద్ద ట్రయల్‌లో పనిచేయలేదు.

నాగావళి

సెమినార్‌కి ఇప్పుడు దారి దొరికింది. ఒక్కటి చెప్పండి. డైనార్ఫిన్ అనే పెప్టైడ్ రిసెప్టర్ కప్పాని అడ్డుకునే అటికాప్రాంట్, నవకాప్రాంట్ 2025లో డిప్రెషన్ ట్రయల్స్‌లో నిరాశపరిచాయి. ఇవి సబ్‌స్టెన్స్ పి లాంటి స్పష్టమైన 'కాదు' కిందికే వస్తాయా?

తంగేడు

నా దృష్టిలో ఇది అదే పాత దారి. డిప్రెషన్ అన్న పేరు ఉన్న అందరినీ కలిపి చేర్చారు. ఆనందం అనుభవించలేకపోవడం అనే లక్షణాన్ని ఎంచుకునే ప్రయత్నం కొంత జరిగింది, అది మంచి అడుగే. కానీ అది కూడా రోగి చెప్పే లక్షణమే. ఏ రోగిలో డైనార్ఫిన్ ఎక్కువ విడుదలవుతోందో కొలిచే పరీక్ష మన దగ్గర లేదు. సీజీఆర్‌పీకి మెడ సిర దొరికింది, ఓరెక్సిన్‌కి వెన్ను నీరు దొరికింది. సెమినార్‌లో నీ వాదన అక్కడ పెట్టు. మందుల కొరత కంటే కొలత కొరత పెద్దది.

నిద్రగన్నేరు

ఓరెక్సిన్ లేక నాకు ఈ రోగం వస్తే, ఓరెక్సిన్‌నే ఇంజక్షన్‌గా ఇవ్వలేరా? ఇన్సులిన్ ఇస్తున్నారు కదా.

గోదారిగట్టు

ఇన్సులిన్ పనిచేయాల్సింది ఎక్కువగా కండరాలు, కాలేయం, కొవ్వు మీద, అక్కడికి రక్తమే చేరుస్తుంది. ఓరెక్సిన్ మెదడులో పనిచేయాలి. రక్తంలోకి ఇస్తే మెదడు గోడ దాటి చాలినంత వెళ్లదు, మింగితే కడుపులోనే అరిగిపోతుంది. అందుకే ఓరెక్సిన్-2 రిసెప్టర్‌ని నొక్కే చిన్న అణువుల్ని తయారు చేస్తున్నారు. మొదటిది బాగా పనిచేసినా కొందరికి కాలేయం దెబ్బతిని 2021లో ఆపేశారు. దాని తర్వాతది ఒవెపోరెక్స్‌టాన్. 2025లో మూడోదశ ఫలితాలు ప్రకటించారు, మెలకువా కూలబడటమూ రెండూ మెరుగయ్యాయి. మన దేశంలో ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేను చెల్లీ. ఈలోపు స్లీప్ స్టడీ రిపోర్టులు, పగటి పరీక్ష రిపోర్టు జాగ్రత్తగా పెట్టుకో. కొత్త మందు రాసే డాక్టర్ ముందు అడిగేవి అవే.